తొమ్మిది రబ్బరు మణికట్లు

బుధవారం, 141వ పేజీ

ఇది సైకిళ్ళ పుస్తకం. ఎవరికి ఏ సైకిలు కట్టానో, గొట్టం ఎంతకు కోశానో, వెనక చక్రానికి ఎన్ని పళ్ళు పెట్టానో, ఇవి తప్ప ఇంకేమీ ఇందులో రాయకూడదని మొదటి పేజీలోనే పెట్టుకున్నాను. ఇవాళ ఆ నియమం తప్పుతున్నాను. నా భార్య దీనమ్మకు రెండు అంకెలున్నాయి. రెండూ నిజం కాలేవు. ఒకటి అబద్ధమాడుతోంది.

పొద్దున బూడిద మీద నీళ్ళు చల్లే వంతు మాది. చుట్టూ నీళ్ళున్న మా ఏడో దిబ్బ మీద గాలి లేవకముందే నీళ్ళు పడాలి. ఆలస్యమైతే బూడిద లేస్తుంది, లేచిన బూడిద పోయేది మా ఊపిరితిత్తుల్లోకే. దీనమ్మ నాలుగు బిందెలు చల్లి అయిదోది దించేసింది. "మిగతాయి మీరు కానివ్వండి" అంది. పోయిన వేసవిలో పన్నెండు బిందెలు చల్లిన మనిషి.

తర్వాత ఆమె సైకిలు చైను బిగిస్తూ, పనిలో పనిగా మళ్ళీ కొలత తీసుకున్నాను. నా కొలత టేపుతో తీసేది కాదు. ఎవరికి సైకిలు కట్టాలన్నా ముందు నా ఎదురుగా కూర్చోబెట్టి కాపరి కీర్తన, 'యెహోవా నా కాపరి' అని మొదలయ్యేది, ఒక్క ఊపిరిలో చదవమంటాను. ఊపిరి ఎక్కడ తెగిందో అక్కడిదాకా మాటలు లెక్కపెడతాను. ఇరవై మాటలు వచ్చినవాళ్ళకు వెనక చక్రానికి పద్దెనిమిది పళ్ళు. పద్నాలుగు వస్తే ఇరవై రెండు. మాటలు తగ్గేకొద్దీ పళ్ళు పెరగాలి. అప్పుడు తొక్కడం తేలిక, పోవడం నెమ్మది. బూడిద జబ్బు ఉన్నవాళ్ళు అందరిలాంటి సైకిలు తొక్కితే దిబ్బ ఎక్కకముందే పడిపోతారు. మనిషికి తగ్గ సైకిలు కట్టాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. ఆరో తరగతి చదువు, విరిగిన సైకిళ్ళ గుట్ట, తల దగ్గర పరిశుద్ధ గ్రంథం, ఇవే నా గురువులు. జబ్బు పట్టాక చేతులు ఊరికే ఉండలేక మొదలుపెట్టాను. నేను సరదా అంటాను, దీనమ్మ పిచ్చి అంటుంది.

సైకిలు కట్టిన రోజు దీనమ్మకు పద్నాలుగు మాటలు. ఇవాళ తొమ్మిది.

మరి ఆమె చేతికున్న కాపరి ఏమంటోంది? బలం అరవై ఒకటి అంటోంది. అయిదు నెలల కిందట నలభై మూడు ఉండేది.

మణికట్టుకు కట్టుకునే పట్టీ అది. నాడినీ ఊపిరినీ ఒంటి వేడినీ చూసి, మంగళవారం మంగళవారం వారమంతటికీ కలిపి ఒక అంకె వేస్తుంది. ఆ అంకెను బట్టే మా గోడకున్న పెట్టె మందుపొగ వదులుతుంది. బలం తగ్గితే ఎక్కువ పీల్పులు, పెరిగితే తక్కువ. దీనమ్మకు రోజుకు ఆరు పీల్పులు వచ్చేవి. ఇప్పుడు మూడు.

దానికి పెట్టిన పేరు చూడండి, కాపరి అట. మందను లెక్కపెట్టినంత మాత్రాన కాపరి అయిపోడు. కోతకు తోలుకుపోయేవాడూ లెక్కపెడతాడు.

శుక్రవారం, 142

ఉపవాస ప్రార్థన. లోపల తొమ్మిదిమందిమి, బయట పందిట్లో పదోవాడు.

ఎందుకు బయట అంటే, ప్రార్థన ఇంట్లోకి కాపరిని కట్టుకుని ఎవరూ రాకూడదని ఆరు నెలల కిందట నేనే చెప్పాను. ఇద్దరు కాపరుల కింద ఒక మంద ఉండదు. ఆ మాట చెప్పిన ఆదివారం అందరూ కేకలతో ఆమెన్ అన్నారు. అయితే చెప్పడం తేలికే. పట్టీ విప్పిన పావుగంటకు అది కూత పెడుతుంది. మనిషి పడిపోయాడనుకుని ఆరోగ్యం పడవ పరిగెత్తుకొస్తుంది. మూడు ఆదివారాలు అలా పడవవాళ్ళు వచ్చి పాట మధ్యలో మమ్మల్ని పడుకోబెట్టి గుండెలు చూశారు.

అప్పుడు నాకు ఈ ఉపాయం తోచింది. జానెడు హ్యాండిలు గొట్టం ముక్కకు పాత ట్యూబు చుట్టి, లోపల గోరువెచ్చటి నీళ్ళు నింపి, గోడగడియారం యంత్రంతో దానికి నాడి పెట్టాను. నిమిషానికి అరవై కొట్టుకుంటుంది, తడబాటు లేకుండా, నీతిమంతుడి నిద్రలా. డైనమోతో నిండే బ్యాటరీ కరెంటుతో నీళ్ళు వెచ్చగా ఉంటాయి. ఈ రబ్బరు మణికట్టును ఒక్కో సైకిలుకు సీటు కింద బిగించాను. ప్రార్థనకు వచ్చినవాళ్ళు సైకిలు స్టాండు వేసి, చేతి పట్టీ విప్పి దానికి తొడిగి లోపలికొస్తారు. మూడు గంటలసేపు కాపరి నోరెత్తదు. అయిదు నెలలుగా ఒక్కసారి కూడా పడవ రాలేదు. తొమ్మిది సైకిళ్ళకు తొమ్మిది మణికట్లు. తొమ్మిదోది నాది.

పదోవాడు సంసోను. పేరుకు తగ్గట్టే తాటిచెట్టంత మనిషి, ఇప్పుడు ఎముకలు మాత్రం మిగిలాయి. అతనికి సరిపోయే పొడవు గొట్టం దొరక్క ఏడు నెలలుగా సైకిలు కట్టలేదు. సైకిలు లేదు కనక మణికట్టు లేదు. మణికట్టు లేదు కనక పట్టీతోనే పందిట్లో కూర్చుని కిటికీలోంచి పాటలు పాడతాడు.

ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. ఎస్తేరుకు అయిదు నుంచి రెండుకు తగ్గాయి. ఆమె తల్లికి నాలుగు నుంచి రెండు. లోపల కూర్చున్న తొమ్మిదిమందికీ పీల్పులు తగ్గాయి. కాపరిని ఇంటి బయట నిలబెట్టిన తొమ్మిదిమందికీ. ఇది కాకతాళీయం అని నమ్మేంత వెర్రివాణ్ణి కాను. అది మా మీద పగ పట్టింది.

సోమవారం కూడా ప్రార్థన పెట్టాను. అందరినీ రమ్మన్నాను. దెబ్బ తగిలినప్పుడు మోకాళ్ళ మీద పడాలి, వెనక్కి తగ్గకూడదు.

ఆదివారం, 144

ఒక్క మనిషికి మాత్రం తగ్గలేదు.

పాటలయ్యాక బయటికొస్తే సంసోను పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఊరికే అడిగినట్టు అడిగాను. "నీకు ఎన్ని పీల్పులు వస్తున్నాయి సంసోనూ?"

"ఆరండీ. ఎప్పుడూ ఆరే."

"తగ్గలేదా?"

"తగ్గడానికి నాకేం తగ్గిందండీ" అని నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే గుంజ ఊగింది. ఊపిరి కుదుటపడ్డాక, "నా సైకిలు ఎంతవరకొచ్చిందయ్యగారూ? అదొచ్చేలోపు ప్రభువే వచ్చేసేట్టున్నాడు" అన్నాడు.

మామూలుగా అయితే నేనూ నవ్వేవాణ్ణి. ఇవాళ అతని మణికట్టు మీద ఆ పట్టీ ఆకుపచ్చగా మెరుస్తుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను. మూడు గంటలు కిటికీ పక్కన కూర్చుంటాడు. లోపల చెప్పే ప్రతి మాటా ఆ పట్టీకి వినపడుతుంది. పన్నెండుమంది శిష్యుల్లో ఒకడు ముద్దుపెట్టుకునేంత దగ్గరికొచ్చి పట్టించాడని గ్రంథం చెబుతోంది. ఇతను కిటికీ దాకా వచ్చాడు. ఆరు పీల్పులు ఎవరికీ ఊరికే రావు.

"గొట్టం దొరకలేదు" అన్నాను. అబద్ధం. గొట్టం దొరికి నెలయింది. మంచం కింద ఉంది.

దీనమ్మ విన్నది. ఇంటికొచ్చేటప్పుడు మెరక దగ్గర ఇద్దరం సైకిళ్ళు దిగాం. ఆమె ఆగి ఊపిరి తీసుకుని, "మంచం కింద ఉన్నదేంటండీ మరి, పామా?" అంది.

"ఆ మనిషి మీద నాకు నమ్మకం లేదు."

"మీకు నమ్మకం ఉన్నదెవరి మీద, అది చెప్పండి. త్వరగా అయిపోద్ది."

మెరక ఎక్కేటప్పుడు నేను దిగింది ఆమెకు తోడుగా నడవడానికి. నాది పాతకాలపు పెద్ద సైకిలు, పదహారు పళ్ళది. అది నేను తొక్కగలను.

మంగళవారం, 145

ఆరోగ్యం పడవ వచ్చింది. మా దిబ్బను చూసే ఆరోగ్య కార్యకర్త నాగవేణి ఇల్లిల్లూ తిరిగి పెట్టెలు సరిచూస్తుంది. నలభై ఏళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడుతుంది. మెత్తగా మాట్లాడే అధికారం అంటే నాకు మరీ భయం.

దీనమ్మ అంకె అరవై ఏడు.

"చూశారా అక్కా, ఎంత బాగా పెరిగిందో" అంది నాగవేణి.

దీనమ్మ ఆమెకు మంచినీళ్ళు ఇవ్వబోతూ గోడ పట్టుకుంది. "పెరిగిందంటన్నావు గానీ నేను పెరట్లోకి పోయి రాలేకపోతన్నానమ్మా."

"ఒక్కోసారి అలాగే అనిపిస్తదక్కా, ఒంట్లో బాగుపడేటప్పుడు." తర్వాత నా వైపు తిరిగి, ఒక కాగితం తీసింది. "పాస్టరు గారూ, ఒకటడగనా?"

"నేను పాస్టర్ని కాదమ్మా. వాక్యం చెప్పేవాణ్ణి."

"అదేలెండి. మీ ప్రార్థనలో ఏం చేస్తారు? పాటలేనా, ఊపిరి బిగబట్టడం లాంటిదేమన్నా చేయిస్తారా? ఎంతసేపు? ఏయే రోజులు?"

"ఎందుకు?"

"పైవాళ్ళు అడిగారండి."

"మాకు పైన ఉన్నది ఒక్కడే. ఆయనకన్నీ తెలుసు, కాగితం అక్కర్లేదు."

ఆమె కొంచెం చిన్నబుచ్చుకుని కాగితం మడిచింది. నాకు కావలసింది తెలిసిపోయింది. రోజులు అడిగింది, గంటలు అడిగింది. ప్రార్థన మీదే గురి.

పోయేముందు గుమ్మంలో నిలబడి అసలు మాట చెప్పింది. "అంకె అరవై అయిదు దాటితే పెట్టె తీసెయ్యాలండి, రూలు. అయిదో దిబ్బలో పిల్లలున్నారు, వాళ్ళకి పెట్టెలు చాలట్లేదు. వచ్చే మంగళవారం వచ్చి విప్పుకెళ్తాను."

పడవ పోయేదాకా దీనమ్మ గోడ వదల్లేదు.

గురువారం, 147

మూడు పీల్పులూ మధ్యాహ్నానికే అయిపోయాయి. దీనమ్మ మంచం మీద కూర్చునే ఉంది, పడుకుంటే ఊపిరాడటం లేదు. పెదాలు బూడిద రంగులోకి తిరిగాయి. నేను పక్కన కూర్చుని కీర్తన చదువుతుంటే చెయ్యెత్తి ఆపింది.

"చదవడం కాదు. ఏదన్నా చెయ్యండి. మంగళారం పెట్టె పోయాక ఇంకేముంది."

ఏం చెయ్యను? ఎవరి మీద చెయ్యను? పొద్దుటినుంచి కోపంతో ఒక సైకిలు ఫోర్కును సానపట్టి పాడుచేశాను. తర్వాత గ్రంథం తెరిస్తే కళ్ళంలో ఉన్ని పరిచినవాడి సంగతి వచ్చింది. అతనూ నాలాగే అనుమానపు మనిషి. దేవుడే చెప్పినా ఒకపట్టాన నమ్మలేదు. ఒక రాత్రి నేల పొడిగా ఉండి ఉన్ని మాత్రం తడవాలన్నాడు. అలాగే జరిగింది. అయినా వదల్లేదు. మర్నాడు తిప్పి అడిగాడు. ఉన్ని పొడిగా ఉండాలి, నేల తడవాలి. దేవుడు కోప్పడలేదు.

అలాగే చేస్తాను. రోజురోజుకీ వేసే అంకె కూడా కాపరిలో ఉంటుంది, పక్కనున్న చిన్న మీట నొక్కితే కనపడుతుంది. దాని ముఖం చూడొద్దని నేనే అందరికీ చెప్పాను కనక మాలో ఎవరూ నొక్కరు. రెండు రోజులు నేను నొక్కుతాను. రేపు శుక్రవారం, ప్రార్థన రోజు. దీనమ్మను ఇంట్లోనే, పట్టీతోనే ఉంచుతాను. ఎల్లుండి ప్రార్థన లేదు. ఆ రోజు అది మా మీద పగ పట్టడానికి కారణం ఉండదు. రెండు రోజుల అంకెలూ పక్కపక్కన పెట్టి, దాని పగను మంగళవారం నాగవేణి ముఖాన చూపిస్తాను.

శుక్రవారం, 148

దీనమ్మ పగలంతా పట్టీ కట్టుకునే ఉంది. సైకిలు గోడకు ఆనించి ఉంది. నేనొక్కణ్ణే ప్రార్థనకు పోయి వచ్చాను.

సాయంత్రం మీట నొక్కాను. నలభై రెండు.

మాటలు తొమ్మిది. అయిదు నెలల్లో మొదటిసారి నా పుస్తకమూ కాపరీ ఒక్క మాట మీద ఉన్నాయి. నాకు సంతోషం కలగలేదు. ప్రార్థనకు పోనిరోజు నిజం చెప్పింది, పోయినరోజు అబద్ధం చెబుతోంది. నా అనుమానం గట్టిపడింది అనుకున్నాను.

శనివారం, 149

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున దీనమ్మ, "పట్టీ ఒరుసుకుపోయి చెయ్యి మండతంది, కాసేపు తీస్తాను" అంది. చర్మం కందిపోయింది. తీస్తే కూత పెడుతుంది కదా అని నేనే దాన్ని తీసుకెళ్ళి, సైకిలు సీటు కింద రబ్బరు మణికట్టుకు తొడిగి వచ్చాను. అలవాటుగా. ఆలోచించకుండా. ఆమె మంచం మీద కూర్చుని దుప్పటి కుట్టుకుంది. మూడు గంటల తర్వాత మళ్ళీ కట్టాను. ఇవాళ ప్రార్థన లేదు, పాట లేదు, కిటికీ పక్కన సంసోను లేడు.

సాయంత్రం మీట నొక్కాను. ఎనభై అయిదు.

దీనమ్మ మాటలు తొమ్మిదే.

సైకిలు ముందు కూర్చున్నాను. రబ్బరు మీద వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. అరవై, తడబాటు లేకుండా. నేను చేసిన చెయ్యి. జబ్బు లేని చెయ్యి. వారానికి మూడు రోజులు, మూడేసి గంటలు, కాపరి ఈ చేతిని పట్టుకుని ఇది దీనమ్మ అనుకుంది. ఎంత బాగుందీ మనిషి అనుకుంది. అనుకుని మందు తగ్గించింది. నేను భయపడి సోమవారం కూడా ప్రార్థన పెట్టాను. దానికి ఇంకో రోజు ఈ చెయ్యి దొరికింది. అరవై ఒకటి అరవై ఏడయింది.

ఉన్ని తడిసింది. నేల ఎండింది. అడిగిన జవాబు వచ్చింది, నేను చూడాలనుకున్న వైపు నుంచి కాదు.

శనివారమే, చీకటి పడకముందు

దీనమ్మకు చెప్పాను. ఆమె దుప్పటికి సూది గుచ్చి పక్కన పెట్టింది. నేనే మళ్ళీ నోరు తెరిచాను. నాకు ఒక దారి కనపడింది. గడియారం యంత్రం కొంచెం వదులు చేస్తే నాడి తడబడుతుంది. నిమిషానికి నూటపది, నూటఇరవై. నీళ్ళు చల్లబరిస్తే ఇంకా మంచిది. రెండు రోజులు పట్టీని దానికే తొడిగితే మంగళవారానికి అంకె ముప్పైకి పడుతుంది. పెట్టె పోదు. ఆరు కాదు, ఎనిమిది పీల్పులు వస్తాయి. తొమ్మిది మణికట్లూ అలాగే తిప్పుతాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మేడ మీద వేగులవాళ్ళను దాచి అబద్ధమాడిన స్త్రీని దేవుడు మెచ్చుకోలేదా?

దీనమ్మ నా మాట పూర్తిగా విన్నది. తర్వాత ఊపిరి కూడగట్టుకుంటూ, ఆగి ఆగి చెప్పింది.

"ఆ చెయ్యితో ఒకసారి నన్ను బాగుచేశారు. ఇప్పుడు దాంతోనే జబ్బు చేస్తానంటన్నారు. రేపు నాకు నిజంగా తగ్గితే చెప్పేదెవరు? నిజంగా ముదిరితే చెప్పేదెవరు? ఆ రబ్బరు ముక్కా?" పట్టీ ఉన్న చెయ్యి నా ముందు పెట్టింది. "నాకు నాడి ఉంది. ఎంత ఉంటే అంతే రాసుకోమనండి."

"పెట్టె తీసుకెళ్తారు దీనా."

"తీసుకెళ్తే తీసుకెళ్తారు. మీరెళ్ళి చెప్పండి. నోరుంది కదా మీకు, దిబ్బంతా వినపడేట్టు."

ఆదివారం, 150

నా చేతికి పట్టీతోనే ప్రార్థన ఇంట్లోకి వెళ్ళాను. అందరూ నా చెయ్యి చూశారు. సంసోనును లోపలికి పిలిచాను. గుమ్మంలో చెప్పులు విప్పి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. దీనమ్మ తన పక్క చాప చూపించింది.

గాడిదను మూడుసార్లు కొట్టిన ప్రవక్త సంగతి చెప్పాను. దారికడ్డంగా దూత కత్తి దూసి నిలబడితే గాడిదకు కనపడింది, ప్రవక్తకు కనపడలేదు. అది పక్కకు తప్పుకుంటే దీనికి పొగరు అని కొట్టాడు. "నేను ఎవరినెవరిని కొట్టానో చెబుతాను" అన్నాను. కాపరిని, నాగవేణిని, సంసోనును. రబ్బరు మణికట్టు ఏం చేసిందో లెక్కతో సహా చెప్పాను. మంచం కింద గొట్టం సంగతి కూడా చెప్పాను.

ఎవరూ ఆమెన్ అనలేదు.

వెనకనుంచి ఎస్తేరు లేచింది. "నాలుగు నెల్ల నుంచి మా అమ్మకి రెండు పీల్పులేనయ్యగారూ. విశ్వాసం చాలట్లేదన్నారు మీరు. ఆవిడ ఉపవాసం కూడా ఉంది."

ఎస్తేరు తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. ఇంకో ఇద్దరు ఆమె వెనకే వెళ్ళారు. పోనివ్వకుండా ఉండటానికి నేను గొంతు పెంచాను. పాపం ఒప్పుకునేటప్పుడు కూడా నాకు గొంతు పెంచడమే వచ్చు. అప్పుడు నా చేతికున్నది ఆడమనిషి గొంతుతో, మెత్తగా, ఇల్లంతా వినపడేట్టు అంది.

"దయచేసి కూర్చోండి. మీకు విశ్రాంతి అవసరం."

సంసోను మొహం పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. దీనమ్మ ఆపుకోలేదు.

కూర్చున్నాను. మిగతా వాక్యం చాప మీద కూర్చునే చెప్పాను.

మంగళవారం, 152

నాగవేణి విప్పే పానా తీసుకునే వచ్చింది. తొమ్మిది రబ్బరు మణికట్లనూ గోనెసంచిలో వేసి గుమ్మంలో పెట్టాను. ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. సంగతంతా చెప్పాను. ఆమె ఆ ఒక్కదాన్ని బయటికి తీసి, బొటనవేలుతో నాడి పట్టి చూసింది. మొహం ఎర్రబడింది.

"అరవై" అంది.

"అవునమ్మా."

"పాస్టరు గారూ, మా ఆఫీసులో ఏం చూశామో తెలుసా. తొమ్మిదిమందికి, ఒకే టయానికి, ఒకే నాడి. ఆదివారం, బుధవారం, శుక్రవారం. నెలల తరబడి. ఎవురూ అలాంటిది చూళ్ళేదు. ప్రార్థనలో ఏముందో కనుక్కోమన్నారు నన్ను. అందుకడిగాను ఆరోజు." మణికట్టును సంచిలో పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకుంది. "మేం హిందువులమండి. అయినా మా అమ్మని తీసుకొద్దామనుకున్నా మీ దగ్గరికి. ఆవిడకీ ఇదే జబ్బు. పడవలో చోటు కూడా అడిగిపెట్టా."

ఆమె తిడుతుందనుకుని సిద్ధపడ్డాను. దీనికి సిద్ధపడలేదు. వేగులదాని కళ్ళనుకున్నవి ఆశ పెట్టుకున్న కళ్ళు.

"ఇప్పుడు దీనమ్మ సంగతేంటమ్మా?" అన్నాను.

"పోయిన అంకెలన్నీ కొట్టెయ్యాలి. కాపరి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాలంటే పది రోజులు. అప్పటిదాకా అది మూడే ఇస్తది. నా సంతకంతో పెంచొచ్చు గానీ, ఊరికే పెంచనివ్వరు. అక్కకి ఎప్పట్నుంచి తగ్గిందో, ఎంత తగ్గిందో ఏదన్నా చూపించాలి. మీ దగ్గర ఏముంటది?"

దీనమ్మ మంచం మీదనుంచే నా వైపు చూసింది. నేను ఈ పుస్తకం తెచ్చి ఇచ్చాను.

నాగవేణి పేజీలు తిప్పింది. ఆరేళ్ళ పేజీలు. ఎవరికి ఏ తేదీన ఎన్ని మాటలు. ఎస్తేరు తల్లి పదిహేడు, పదకొండు, ఎనిమిది. దీనమ్మ పద్నాలుగు, పన్నెండు, తొమ్మిది. మాటలంటే ఏమిటని అడిగింది. చెప్పాను. దీనమ్మను ఒకసారి చదవమంది. దీనమ్మ చదివింది. నాగవేణి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిది.

"ఇది చాలు" అని సంతకం పెట్టింది. దీనమ్మకు ఆరు. లోపల కూర్చున్నవాళ్ళందరికీ పాత లెక్కే, పది రోజులు. ఆ తర్వాత నిజమైన అంకె ఎంతుంటే అంత.

గోనెసంచి భుజానికెత్తుకుంటూ, "దీని మీద రిపోర్టు రాయాలండి, తప్పదు. మిమ్మల్ని పిలుస్తారు" అంది. రెండడుగులు వేసి ఆగింది. "సైకిళ్ళ గురించి అడగరు. నేను రాయను."

వాళ్ళమ్మను తీసుకురమ్మని పిలిచాను. నా ప్రార్థన కోసం కాదు, కొలత కోసం. చూస్తానంది.

శుక్రవారం, 160

సంసోను సైకిలు మొదలుపెట్టాను. మంచం కింది గొట్టం అతని కాలికి సరిగ్గా సరిపోయింది. పదహారు మాటలు. ఇరవై పళ్ళు. చదివేటప్పుడు సగంలో దగ్గొచ్చి, "ఇది లెక్కలోకి రాదయ్యగారూ, గొట్టం కోసం ఎదురుచూసిన దగ్గు" అన్నాడు. ఎస్తేరు ఇంకా ప్రార్థనకు రావడం లేదు. ఆమె తల్లి చైను తెగితే మాత్రం సైకిలు పంపించింది, ఎవరితోనో.

దీనమ్మకు ఇవాళ పది మాటలు. పదో మాట చెప్పి, లెక్క సరిగ్గా వేశానో లేదో నా వేళ్ళు చూసింది. నేను రాస్తుంటే పుస్తకం లాక్కుంది. మొదటినుంచీ చివరిదాకా తిప్పింది.

"అందరి పేజీలూ ఉన్నాయి. మీదేదండీ?"

"నాకెందుకు? నాది పదహారు పళ్ళ సైకిలు."

"మెరక దగ్గర రోజూ దిగుతారు."

"నీకు తోడుగా."

"ఈ పది రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీలోంచి కనపడతది మెరక." పెన్ను తీసుకుంది. "కూర్చోండి. చదవండి."

సంసోను గొట్టం కింద పెట్టి వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎన్ని వందలసార్లు గొంతెత్తి చెప్పిన కీర్తన అది. ఊపిరి నిండా పీల్చుకుని మొదలుపెట్టాను. దీనమ్మ ఒక్కొక్క వేలూ మడుస్తోంది. 'పచ్చికగల చోట్ల' దగ్గర ఊపిరి తెగింది.

రాత ఆమెది, నాది కాదు: ఏలీయా. ఎనిమిది మాటలు. ఇరవై ఎనిమిది పళ్ళు.